ఊర్మిళను మేలుకొలిపినవారు

సంత్రాగాఛిలో నా పొరుగింట నివసించు వంగ విద్యార్థి యొకడు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగెను: "మీరు చదివిన అభిమాన రచనలలో అత్యుత్తమమైనది ఏది? పది పేర్లు చెప్పవద్దు, ఒక్కటి చెప్పండి." ఆంగ్లమునుండి వచ్చిన ఫ్యాన్ ఫిక్షన్ అను మాటకు నేనిక్కడ అభిమాన రచన అను పేరు వాడుచున్నాను. ఒక గ్రంథమును మిక్కిలి ప్రేమించిన పాఠకుడు, దానియందలి పాత్రలను విడిచి యుండలేక, గ్రంథకర్త ఆపిన చోట తాను కలము పట్టి వ్రాసిన కథ యని దీని అర్థము. ఆ విద్యార్థి ఈ జాతి రచనలను విరివిగా చదివినవాడు. శరదిందు వంద్యోపాధ్యాయుడు 1970లో మరణించునప్పటికి అసంపూర్ణముగా మిగిలిన వ్యోమకేశుని కథను నారాయణ సాన్యాలు పూర్తిచేసిన సంగతి అతడే నాకు ఉత్సాహముతో చెప్పెను. నేను మాత్రము వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. చదివినవి తక్కువై కాదు. దేనిని ఉత్తమమనవలెనో నిర్ణయించు కొలబద్ద నాయొద్ద లేకపోయెను. ఆ కొలబద్దను వెదకుటయే ఈ వ్యాసము.

ఈ వెదకులాటకు ఒక ఆక్షేపణ మొదటనే అడ్డుతగులును. సంత్రాగాఛి కందకు వంగదేశమున గొప్ప పేరు కలదు. ఇచ్చటి సంతలో దానిని చూచినప్పుడెల్ల నాకు మన తెలుగు సామెత జ్ఞప్తికి వచ్చును: కందకు లేని దురద కత్తిపీటకేల? వాల్మీకికి లేని చింత నీకేల? బంకించంద్రుడు చాలునని ముగించిన కథ నీకు చాలకపోవుట ఏమి? పండితులు ఈ ప్రశ్న అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. నా సమాధానము ఇది. కందకు దురద లేకపోవచ్చును, కత్తిపీటకును లేకపోవచ్చును. కాని కంద తరిగిన చేతికి దురద తప్పదు. పాఠకుడు ఆ చేయి వంటివాడు. గ్రంథము తనకు తాను సంపూర్ణమై యుండవచ్చును; దానిని చదివినవానికి ఏదో యొక చోట మనసు నిలువదు. అభిమాన రచన పుట్టునది అక్కడనే. కావున మనము అడుగవలసినది ఆ దురద ఏల పుట్టినదని కాదు. దానిని తీర్చుకొనుటకు ఆ పాఠకుడు ఏమి చేసెనని.

పాతకథను మరల చెప్పినదంతయు అభిమాన రచన కాదు. కవిత్రయము భారతమును తెనిగించుట ఒక జాతికి ఒక సమగ్రకథను అప్పగించుట. అభిమాన రచయిత దృష్టి అంత విశాలమైనది కాదు. అతనికి కావలసినది ఒక్క పాత్ర, ఒక్క గది, ఒక్క మౌనము. మూలమును ఎరిగిన శ్రోతల నడుమనే అతడు మాటలాడును. వారికి తెలిసినదానిని మరల చెప్పడు, వారు కూడ లోలోపల అడుగుకొనుచున్న దానికి ఉత్తరము చెప్పును. ఇట్టివారు నాకు మూడు తెగలుగా కనబడుదురు: కథను బాగుచేయువారు, కథను తిరుగవేయువారు, కథ పలుకక విడిచిన చోట చెవి యొగ్గువారు.

మొదటి తెగకు వంగసాహిత్యమున చక్కని నిదర్శనము కలదు. బంకించంద్రుడు 1866లో 'కపాలకుండల'ను ప్రకటించెను. సముద్రతీరపు అడవిలో కాపాలికునియొద్ద పెరిగిన కన్య, సంసారములోనికి వచ్చియు సంసారమునకు చెందజాలక, కడకు నదీప్రవాహమున కలిసిపోవును. ఆమె వెంట నవకుమారుడును నీటిలోనికి దూకును. రచయిత అంతటితో తెర దింపెను. పాఠకులు తీరమున నిలిచిపోయిరి. అట్లు నిలిచిపోయినవారిలో ఒకడు దామోదర ముఖోపాధ్యాయుడు. అతడు ఊరకుండలేక 1874లో 'మృణ్మయి' అను నవలను వ్రాసి, ఆ కథను నీటినుండి పైకి తీసి ముందుకు నడపెను. మృణ్మయి యనునది అత్తవారింట కపాలకుండలకు పెట్టిన పేరు. ఈ పేరిడుటలోనే అతని ఆశ తెలియుచున్నది. బంకించంద్రుడు ఆమెను అడవి యిచ్చిన పేరుతో పిలిచెను. దామోదరుడు గృహము ఇచ్చిన పేరుతో పిలిచెను. ఆమె యెట్లయినను ఇల్లు చేరవలెనని అతని కోరిక.

ఆ కోరికను నేను పరిహసింపను. అది దయనుండి పుట్టినది. కాని కపాలకుండల యొక్క కథ, ఆమె ఏ యింటిలోను ఇముడజాలదను సత్యముపై నిలిచినది. ఆమెను బ్రతికించినవాడు ఆ సత్యమును చంపవలసి వచ్చును. దామోదరుడు 'దుర్గేశనందిని'కిని అనుబంధముగా 'నవాబునందిని' యను నవలను వ్రాసెను. 1865నాటి ఆ మూలనవలలో ఆయేషా తాను ప్రేమించిన జగత్‌సింహునికి తిలోత్తమతో వివాహము జరుగగా, తన ఆభరణములను వధువునకు అలంకరించి, విషము దాచిన ఉంగరమును చేత పట్టుకొని ఆలోచించి, దానిని కందకములో పారవేయును. ఆ ఉంగరము నీటిలో పడిన తరువాత ఆమె ఎట్లు జీవించెనని అడుగని పాఠకుడు లేడు. కాని ఆ ప్రశ్న మనలో మిగిలియుండుటవలననే ఆయేషా మనలో మిగిలియున్నది. ఉత్తరము దొరికిన వెంటనే ప్రశ్న చల్లబడును. నేటికిని వంగదేశమున బంకించంద్రుని నవలలు ఇంటింట చదువబడుచున్నవి. దామోదరుని నవలలను పరిశోధకులు మాత్రము తడవుచున్నారు. అతడు రచనాశక్తి లేనివాడు కాడు. అతడు తన ప్రియపాత్రలకు సుఖమును ఇయ్యదలచెను గాని వారిని ఇంకను ఎరుగదలపలేదు. బాగుచేయువారి లోపము ఇదియే.

ఇచ్చట ఒక చిన్న మినహాయింపు చెప్పవలెను. ప్రతి అభిమాన రచనయు గంభీరప్రశ్నకు ఉత్తరము చెప్పనక్కరలేదు. కొన్ని పాత్రలు తమ గ్రంథమున పట్టక వీధిలోనికి వచ్చును. గురజాడ గిరీశము అట్టివాడు. ముళ్ళపూడి వెంకటరమణ అతనిని కన్యాశుల్కమునుండి పిలుచుకొనివచ్చి సినిమాలపై లెక్చర్లు ఇప్పించగా, తెలుగువారు హాయిగా నవ్విరి. ఆ నవ్వు చిన్న సంపద కాదు. అక్కడ రచయిత గిరీశమును బాగుచేయలేదు, శిక్షింపలేదు; అతని గొంతును మాత్రము తప్పక పట్టుకొనెను. గొంతును పట్టుకొనుట ఈ విద్యకు మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కనివారు తరువాతి మెట్లను గూర్చి తలపనక్కరలేదు.

రెండవ తెగ మహాకవులది. మైకేల్ మధుసూదనదత్తు 1862లో 'వీరాంగనా కావ్యము'ను ప్రకటించెను. రోమనుకవి ఓవిడ్ పురాణనాయికలచే వారి ప్రియులకు లేఖలు వ్రాయించిన పద్ధతిని అనుసరించి, మధుసూదనుడు మన పురాణస్త్రీలచే పదునొకండు లేఖలు వ్రాయించెను. కైక దశరథునకు వ్రాయును; శకుంతల దుష్యంతునకు వ్రాయును; జన తన భర్తయైన నీలధ్వజునకు వ్రాయును. వీనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది శూర్పణఖ లక్ష్మణునకు వ్రాసిన లేఖ. పంచవటిలో ఒక యువతాపసుని చూచి మనసు పోగొట్టుకొనిన స్త్రీ, అతడు ఏ దుఃఖముచే ఈ వేషము దాల్చెనో యని జాలిపడి, తన సంపదలను, తన్నును అతనికి అర్పింప సిద్ధపడును. వాల్మీకి వర్ణించిన వికటాకారను మనసునుండి తొలగించి ఈ లేఖను చదువవలెనని కవి పాఠకులకు ముందుగానే విన్నవించెను.

ఈ విన్నపమును గూర్చి నేను చాలకాలము ఆలోచించితిని. కవి మూలమును మరువుమనుచున్నాడు. కాని మనము నిజముగా మరచినచో ఆ లేఖలో ఏమి మిగులును? అందమైన ప్రేమలేఖ యొకటి మిగులును. మనము మరువలేము కనుకనే అది హృదయవిదారకమైనది. ఆమె ఎవరికి వ్రాయుచున్నదో, అతని చేతి కత్తి ఆమె ముఖమునకు ఏమి చేయనున్నదో మనకు తెలియును, ఆమెకు తెలియదు. లేఖ ముగిసిన తరువాతి నిశ్శబ్దములో వాల్మీకి కథ మొదలగును. కవి మరువుమనిన దానిని పాఠకుడు మరువకుండుటయే కావ్యమునకు ప్రాణమైనది. దీనినుండి నాకు కొలబద్ద దొరకెను: ఉత్తమమైన అభిమాన రచన మూలమును మరపింపదు; మనము ఇంతకుముందు ఎన్నడును తలచుకొనని రీతిని తలపించును. ఆంగ్లమున జీన్ రీస్ 1966లో ప్రకటించిన 'వైడ్ సర్గాసో సీ' కూడ ఈ పరీక్షకు నిలుచును. షార్లట్ బ్రాంటె 1847నాటి నవలలో మేడమీది గదిలో బంధించి యుంచిన పిచ్చి భార్యకు అది ఒక బాల్యమును, ఒక పేరును ఇచ్చెను. దానిని చదివినవాడు 'జేన్ ఐర్'ను మరల తెరచినప్పుడు మేడమీది అడుగుల చప్పుడు వేరుగా వినబడును.

ఇక మూడవ తెగ. రవీంద్రనాథ ఠాకూరు 1900 ప్రాంతమున 'కావ్యేర్ ఉపేక్షితా' అను ప్రసిద్ధవ్యాసమును వ్రాసెను. కవులచే ఉపేక్షింపబడిన స్త్రీలను గూర్చిన వ్యాసమది. అనసూయా ప్రియంవదలు, కాదంబరిలోని పత్రలేఖ, వీరందరికంటె ముందుగా ఊర్మిళ. మిథిలలో వధువుగా ఒక్కసారి కనబడి, తరువాత రాజాంతఃపురమున అదృశ్యమైన ఊర్మిళను గూర్చి ఆ వ్యాసము చేసిన ఫిర్యాదు భారతీయసాహిత్యమున దూరముగా వ్యాపించెను. హిందీలో మహావీరప్రసాద ద్వివేది 1908లో అదే ఫిర్యాదును మరల ఎత్తెను. దాని ఫలముగా మైథిలీశరణ గుప్తుడు 'సాకేత్' మహాకావ్యమున నవమసర్గ యంతయు ఊర్మిళ విరహమునకు కేటాయించెను. విమర్శ ఒక కావ్యమును పుట్టించిన అరుదైన ఘట్టమిది. సాకేత్‌లోని ఊర్మిళ ఉదాత్తురాలు. ఆమె కన్నీరు ఛందస్సునకు లోబడి ప్రవహించును. ఆ కావ్యమును గౌరవించని వానికి హిందీకవిత తెలియదని చెప్పవచ్చును.

ఠాకూరు ఫిర్యాదు సంస్కృతకవులపై. ఆ వ్యాసమును వంగభాషలో మొదట చదివినప్పుడు నేనును తల యూపితిని. నా తప్పు నాకు తెలియవచ్చినది సంత్రాగాఛి ప్రక్కననే. ఇచ్చటినుండి హావ్‌డా వైపు పోవునప్పుడు మొదట వచ్చు స్టేషను రామరాజాతలా. దుర్గాపూజకు పేరుపడిన వంగదేశమున, ఆ యూరు మాత్రము సీతాసమేతుడై సింహాసనమెక్కిన రామునకు ఉత్సవము చేయును. శ్రీరామనవమినాడు మొదలైన పూజ శ్రావణమాసపు చివరి ఆదివారమున నిమజ్జనముతో ముగియును. ఒకప్పుడు రామపూజయా సరస్వతీపూజయా యను వివాదము పుట్టగా, విగ్రహములకు వలయు వెదురును సరస్వతీపూజనాడు నరకుటకును, రాముని శిరోభాగముపైన సరస్వతిని నిలుపుటకును ఒప్పందము కుదిరినదని అచ్చటివారు చెప్పుదురు. కథను తమకు తగినట్లు సర్దుకొనుట భక్తులకు క్రొత్త కాదు.

ఒక వేసవిలో మా వీథిలోని తెలుగు వృద్ధురాలిని ఆ ఉత్సవమునకు వెంటబెట్టుకొని పోతిని. ఆమె రైలుకొలువు చేయు కుమారునియొద్ద ఉండుటకై విశాఖపట్టణము వైపునుండి వచ్చి చాలకాలమైనది. ఎత్తైన ఆ విగ్రహముల వరుసను ఆమె తిన్నగా చూచెను. రాముని, సీతను, లక్ష్మణుని, తక్కిన పరివారమును పేరుపేరున గుర్తుపట్టి నమస్కరించెను. పిదప నావైపు తిరిగి, "అందరూ ఉన్నారు గాని నాయనా, ఊర్మిళమ్మ ఏదీ? ఇంకా లేవలేదా?" అనెను. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. ఇంటికి వచ్చిన తరువాత, కంద తరుగుచు, ఆమె తన పల్లెలో నేర్చిన 'ఊర్మిళాదేవి నిద్ర' పాటను ఆదినుండి తుదివరకు పాడెను. చిన్ననాట నేనా పాటను వినియుంటిని, వినుచు నిద్రపోయియుంటిని. పండితుల ఫిర్యాదు పుట్టుటకు ఎంతయో ముందే, ఊర్మిళను మా యింటి స్త్రీలు మరువలేదని ఆనాడు గ్రహించితిని.

పాట కథను తెలుగేతర పాఠకులకొరకు సంగ్రహముగా చెప్పెదను. వనవాసమున లక్ష్మణుడు అన్నకు కావలి కాయవలెను గనుక నిద్రపోరాదు. అతని పాలి నిద్రను కూడ ఊర్మిళ తానే అనుభవించుచు పదునాలుగేండ్లు శయ్యపై ఉండెను. ఈ నిద్రాకల్పన గోన బుద్ధారెడ్డి పేర వెలసిన 13వ శతాబ్దినాటి రంగనాథ రామాయణమునందును కలదు. కృత్తివాసుని వంగరామాయణమునందు, పదునాలుగేండ్లు నిద్రాహారములు మానినవాడే ఇంద్రజిత్తును చంపగలడని కలదు. ఈ రెంటిని జతపరచి చూచినచో, లంకాయుద్ధపు గెలుపులో ఒక భాగము అయోధ్యలో తలుపులు మూసిన గదినుండి వచ్చినదని చెప్పవలసియుండును. కాని కావ్యములు లక్ష్మణుని మేలుకవను వర్ణించినవి. స్త్రీల పాట నిద్రించినదాని కథ చెప్పెను.

పట్టాభిషేకము జరిగెను. కొలువులో అందరి సుఖము విచారించిరి. సీత మాత్రము తన చెల్లెలిని తలచుకొని, లక్ష్మణుని ఆమెయొద్దకు పంపవలెనని రామునకు విన్నవించెను. లక్ష్మణుడు గదిలోనికి పోయి, శయ్యపై కూర్చుండి, ఆమెను పలుకరించెను. ఊర్మిళ కన్నులు తెరచెను, అతనిని గుర్తింపలేదు. ఒంటరి స్త్రీ గదిలోనికి దొంగవలె వచ్చిన మీరెవరని అడిగెను. మా తండ్రి జనకుడు వినినచో శిక్షించుననెను; మా అక్కయు బావయు వినినచో బ్రతుకనీయరనెను. పరుని భార్యను కోరి ఇంద్రుడు పొందిన వికారమును, రావణుడు పొందిన వినాశమును ఎత్తిచూపెను. లక్ష్మణుడు తన్ను తాను ఎరుకపరచుకొనవలసి వచ్చెను. పిదప గుర్తింపు, దుఃఖము, ఓదార్పు, అత్తల సేవ, మంగళస్నానము, భోజనము, పరిహాసములు.

ఈ కథలో గొప్పదనము ఎక్కడ నున్నది? గుర్తుపట్టకపోవుటలో. సాకేత్‌లోని ఊర్మిళ పదునాలుగేండ్లును భర్తను తలచుకొనును. ఆమెకు అతడు ఎన్నడును పరాయివాడు కాలేదు. పాటకత్తెలు ఇంతకంటె కఠినమైన నిజమును ఎరుగుదురు. చెప్పకుండ పోయి, ఏండ్లు గడచి, ఒక పూట తిరిగివచ్చి మంచముపై కూర్చున్న మగవాడు భర్తయే కావచ్చును. ఆ క్షణమున అతడు అపరిచితుడు. రైలుకొలువులకు, బర్మాకు, తేయాకుతోటలకు పోయిన భర్తలకొరకు ఎదురుచూచిన ఇండ్ల స్త్రీలకు ఈ సంగతిని వేరొకరు వివరింపనక్కరలేదు. ఊర్మిళ భర్తను నిందింపదు. నిందించుట పతివ్రతాధర్మమునకు చెల్లదు. కాని ఎవరో తెలియని పురుషుని నిందించుట చెల్లును. ఆ పురుషుడు అతడే. శీలము అను వస్త్రము చాటున కోపము తన మాట తాను చెప్పుకొనెను. మూలమునందలి ఒక్క గౌరవమును కూడ చెరుపక, మూలము ఎన్నడును అడుగని ప్రశ్నను ఆ పాట అడిగెను.

నా పాతతప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలెను. యౌవనమున ఈ పాట అచ్చుప్రతిని చదువుచు, రావణుని ప్రస్తావన వచ్చిన చోట అంచున దోషమని గుర్తుపెట్టితిని. పదునాలుగేండ్లు నిద్రించిన స్త్రీకి రావణుడు పరసతిని కోరి చచ్చెనని ఎట్లు తెలిసెను? యుద్ధవార్త ఆమెకు చేర్చినది ఎవరు? తర్కమునకు ఈ దోషము దోషమే, దానిని కప్పిపుచ్చను. కాని ఆ వృద్ధురాలు కంద తరుగుచు ఆ చరణమును పాడినప్పుడు, ఆమె గొంతు అక్కడనే హెచ్చెను. తనకు తెలిసినది ఊర్మిళకు తెలియక ఎట్లుండునని ఆమె నమ్మకము. పాడునది ఎవరు, పాడబడునది ఎవరు అను హద్దు ఆ చోట కరగిపోయెను. లంకను గెలిచి వచ్చిన వీరునకు, లంక ఏల కాలెనో పడకగదిలో ఒక స్త్రీ గుర్తుచేయుచున్నది. ఇంతకంటె సరియైన శ్రోత ఆ హెచ్చరికకు దొరకడు. అభిమాన రచన యొక్క బలహీనతయు బలమును ఇదియే: పాఠకురాలి జ్ఞానము పాత్రలోనికి కారును. చాతుర్యముగల రచయిత ఆ పగులును పూడ్చును. ఈ పాట దానిని తెరచియే యుంచెను.

ఈ పాటకు తోడుగా 'లక్ష్మణదేవర నవ్వు' అను పాటను చదువుమని కూడ సిఫారసు చేసెదను. నిండు కొలువులో లక్ష్మణుడు హఠాత్తుగా నవ్వును. పంపివేసిన నిద్రాదేవి గడువు తీరగానే తిరిగివచ్చి ఎదుట నిలిచినందున వచ్చిన నవ్వది. కాని కొలువులోనివారెల్లరు తమ్ము చూచియే నవ్వెననుకొని తలలు వంతురు. విభీషణునకు అన్నను విడిచివచ్చుట గుర్తువచ్చును. అంగదునకు తండ్రిని చంపినవానిని కొలుచుట గుర్తువచ్చును. సీతకు పరుని యింట ఉండుట గుర్తువచ్చును. ఒక్క నవ్వుతో మహాకావ్యమందలి రహస్యమైన గాయములన్నియు బయటపడును. ఇంత క్లుప్తమైన రామాయణవిమర్శను నేను వేరొకచోట చూడలేదు.

నా ఎంపికపై రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: ఈ పాట కడకు అన్నింటిని సర్దివేయును, స్నానము, భోజనము, హాస్యములతో ఊర్మిళ కోపము చల్లారును, కనుక ఇదియు బాగుచేయువారి తెగకే చెందును. ఈ మాటలో కొంత నిజము కలదు. కాని దామోదరుడు మూలకథ ముగింపును మార్చెను. పాటకత్తెలు ముగింపును మార్చలేదు, ఆ ముగింపునకు చెల్లింపబడిన వెలను లెక్కపెట్టిరి. సంతోషముగా ముగిసిన పట్టాభిషేకమున ఒక తలుపు ఇంకను మూసియున్నదని చూపిరి. ఈ సర్దుబాటు చాలదనువారు ఓల్గా గారి 'విముక్త'ను చదువవలెను. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన ఆ సంపుటిలోని ఊర్మిళ నిద్రపోదు. తనను అడుగకయే, తనకు చెప్పకయే భర్త వెడలిపోయినప్పుడు ఆమె తలుపులు మూసికొని, తన కోపమును తానే పరీక్షించుకొని, స్వతంత్రురాలై బయటికి వచ్చును. పాటలోని నిద్ర ఇక్కడ మేలుకొనుటయైనది. నేను ఒక్కటే చెప్పవలసి యుండుటచే పాటను ఎంచుకొంటిని గాని, విముక్తను రెండవస్థానమున ఉంచుటకు నా మనసు తేలికగా ఒప్పుకొనలేదు. పాట లేనిచో ఆ తలుపు తట్టవలెనని తోచెడిది కాదేమో యను తలపు మాత్రమే నన్ను ఇటు మొగ్గించినది.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఈ పాటలు అందరు స్త్రీలవి కావు. ఇట్టి రామాయణపు పాటలు ముఖ్యముగా బ్రాహ్మణాది కుటుంబముల స్త్రీల సొమ్మని వెల్చేరు నారాయణరావు 1991లో వెలువడిన తన ఆంగ్లవ్యాసమున విశదీకరించిరి. పొలమున పనిచేసిన స్త్రీకి పదునాలుగేండ్లు నిద్రించు విశ్రాంతి కలలోనైనను దొరకదు. ఆమె పాడిన సీత వేరు, ఆమె అడిగిన ప్రశ్నలు వేరు. మైమనసింగు ప్రాంతపు చంద్రావతి వంగభాషలో సీత పక్షమున రామాయణమును చెప్పినను, అది కూడ అందరి గొంతు కాదు. ఈ పరిమితిని ఎరిగియే నేను ఈ పాటను సిఫారసు చేయుచున్నాను. ఒక గది తలుపు తెరచినంత మాత్రమున ఇల్లంతయు తెరచినట్లు కాదు.

ఆ విద్యార్థికి నేను ఇచ్చిన సలహా ఇది. మొదట వాల్మీకి బాలకాండలో ఊర్మిళ వివాహమును చదువుము. ఎంత తక్కువ చెప్పబడినదో కన్నులారా చూడుము. తరువాత ఠాకూరు వ్యాసమును, మధుసూదనుని శూర్పణఖ లేఖను చదువుము. అప్పుడు ఊర్మిళాదేవి నిద్రకు రమ్ము. 1955లో హైదరాబాదున ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రకటించిన 'స్త్రీల రామాయణపు పాటలు' అను సంపుటము ఇట్టి పాటలకు మంచి ఆకరము. అయినను అచ్చులో చదివిన పాట సగము పాటయే. పాడగల వారున్నప్పుడే వినుము. మా వీథిలోని వృద్ధురాలియొద్దకు అతనిని నేనే తీసికొనిపోయితిని. అతనికి తెలుగు రాదు. ఆమెకు వంగభాష సంతబేరమునకు చాలునంతయే వచ్చును. నేను నడుమ కూర్చుండి అర్థము చెప్పుచు వచ్చితిని. గుర్తుపట్టని ఘట్టము వచ్చినప్పుడు అతడు నా మాటకొరకు ఎదురుచూడక ఆమె ముఖమునే చూచుచుండెను.

పాట ముగిసిన పిదప అతడు అడిగెను: "దీనిని వ్రాసినవారెవరు?" ఆమె ఆ ప్రశ్నకే ఆశ్చర్యపడెను. "వ్రాయడమేమిటి బాబూ? మా అమ్మ పాడేది." అభిమాన రచనకు ఇంతకంటె యోగ్యమైన కర్తృత్వము నాకు తెలియదు. దామోదరునికి పేరు మిగిలినది, గ్రంథము మరుగుపడినది. ఈ పాటకు పేరు లేదు; ఊర్మిళ మాత్రము మేలుకొన్నది. రామరాజాతలా విగ్రహముల నడుమ ఆ వృద్ధురాలు వెదకిన చోటు నేటికిని ఖాళీగానే యున్నది. మూలమును ప్రేమించినవారు ఆ ఖాళీని మొదట చూడగలుగవలెను. చూచిన తరువాత ఏమి వ్రాయుదురనునది వారి శక్తిపై ఆధారపడును. చూడక వ్రాసినది మాత్రము ఎంత సొగసుగా ఉన్నను నేను ఎవరికిని సిఫారసు చేయజాలను.